ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే రా

మా ఐరాలలో లారీ తోలే ఆడమనిషి ఒక్కతే ఉంది. పేరు అమల. ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. లారీ పక్కన నిలబడితే టైరు కంటే కొంచెం పైకి కనబడుతుంది, అంతే. నేనూ ఆమే ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూచున్నాం. తర్వాత నేను అంగన్‌వాడీ టీచరునయ్యాను, ఆమె ఈ మధ్యే డ్రైవరయింది. పిల్లలకు కథలు చెప్పడమే నా ఉద్యోగం గనక, ఊళ్ళో ఎవరి కథైనా చేతికి దొరికితే నేను తేలిగ్గా వదలను. ఈ కథ అమల నోట నాలుగైదుసార్లు విన్నాను. ఆమె మొగుడు ఏబెల్ అన్న నోట ఒకసారి విన్నాను గానీ, ఆయన చెప్పేదాంట్లో కుక్కకే పెద్ద వేషం.

అమల వాళ్ళ నాయన చుట్టుపక్కల రైతుల చెరకును బెల్లం గానుగలకు ట్రాక్టరులో తోలేవాడు. కొడుకులు లేరు. పద్నాలుగేళ్ళకే కూతుర్ని సీటు మీద కూచోబెట్టి స్టీరింగు చేతికిచ్చాడు. వానాకాలంలో మడికట్లో ట్రాలీ దిగబడితే ఆమెనే తీయమనేవాడు. బురద దగ్గర బండికి కోపం పనికిరాదు, బతిమాలాలి అనేవాడట. రెండో గేరు, క్లచ్చి మీద మెత్తటి కాలు, యాక్సిలేటరు జోలికి పోకుండా ఉండడం. ఇంకొకటి కూడా అక్కడే నేర్చుకుంది. చెరకు మోపుల మీద కూచున్న కూలీలు గెడతో ట్రాలీ రేకును కొట్టి డ్రైవరుకు సంగతి చెప్పేవాళ్ళు. ఒకటి కొడితే పోనీ, రెండు కొడితే ఆపు. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

పందొమ్మిదేళ్ళకు సొంత మేనమామ ఏబెల్‌తో పెళ్ళయింది. ఆయన అప్పటికే లారీ డ్రైవరు. తర్వాత కష్టపడి సొంత లారీ కొన్నాడు, పది టైర్లది. ముందర 'యెహోవా యీరే', వెనక 'సౌండ్ హారన్'. నెలలో ఇరవై రోజులు రోడ్ల మీద, పది రోజులు ఇంట్లో. ఒక్కతే కూతురు స్టెల్లా. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

ఆరేళ్ళ కిందట చిత్తూరులో ఆడవాళ్ళకు పెద్ద బండ్లు తోలడం నేర్పిస్తున్నారంటే అమల పోయి చేరింది. అందరికంటే ముందు ఆమెకే లైసెన్సు వచ్చింది. బస్సు తోలే ఉద్యోగానికి పోతే మాత్రం ఎత్తు చాలలేదన్నారు. ఆ పొద్దు ఇంటికి వచ్చేసరికి ఏబెల్ అన్న వాకిట్లో లారీ కడుగుతున్నాడు. వీపు ఇటువైపు, చేతిలో పైపు. ఆమె వెనక నిలబడి, "మామా, ఎవురో ఇచ్చే బస్సు మనకెందుకు, మన లారీ నేను తోలేదా?" అని అడిగింది. నోట్లో మాట కూడబలుక్కుని, బస్సులో వస్తున్నంతసేపూ అనుకుని అనుకుని అడిగిన మాట అది. ఆయన తల తిప్పలేదు. ముందు టైరు కడిగాడు, వెనక టైర్ల దగ్గరికి పోయాడు.

ఆమె ఇంకొంచెంసేపు నిలబడింది. ఆ తర్వాత ఇంట్లోకి పోయి లైసెన్సును పెట్టె అడుగున, పెళ్ళిచీర కింద పెట్టేసింది. పెళ్ళాం మాటకు తల తిప్పని మొగుడు మా ఊళ్ళో వింతేమీ కాదు, అందుకని నేనూ ఓదార్చి ఊరుకున్నాను. ఆమె మాత్రం నాతో ఒకటే మాట అంది. నోరు తెరిచి అడిగేది ఒకసారే, రెండోసారి చచ్చినా అడగను అని. అడగలేదు కూడా. అయితే పోయినేడు గడువు తీరబోతుంటే, గుడ్డలకని చెప్పి చిత్తూరు పోయి లైసెన్సు రెన్యువల్ చేయించుకుని వచ్చింది. ఆశ లేని మనిషి ఆ పని చేస్తుందా?

ఇక కుక్క సంగతి. నాలుగేళ్ళ కిందట మొగిలి ఘాటులో లారీకి అడ్డంగా ఒక గోధుమరంగు కుక్కపిల్ల పడుకుని ఉంటే ఏబెల్ అన్న గట్టిగా బ్రేకు వేసి ఆపాడట. దాన్ని ఎత్తి లారీలో పడేసుకున్నాడు, బ్రేకు అనే పేరు పెట్టాడు. అది ఇంజను మూత మీద పరిచిన గోనెపట్టా మీద, డ్రైవరుకూ క్లీనరుకూ మధ్య కూచుంటుంది. వెనక నుంచి హారన్ వినబడితే చాలు, చెవులు నిక్కబొడుచుకుని ముక్కుతో ఆయన మోచేతిని పొడుస్తుంది. ఆయన బండిని ఎడమకు తీసి దారి ఇస్తాడు. గేరు పక్కన డబ్బాలో బిస్కెట్లు ఉంటాయి, పొడిచినప్పుడల్లా ఒక ముక్క. చూసినవాళ్ళంతా ఈ కుక్కకు లైసెన్సు ఇవ్వొచ్చబ్బా అనేవాళ్ళు. అమలకు మాత్రం ఒళ్ళు మండేది. కుక్కకు కూడా లైసెన్సు ఇస్తారంట, నాకు మాత్రం సీటు లేదు అని నా దగ్గర వాపోయేది.

ఈ ఏడు ఫిబ్రవరిలో పదేళ్ళుగా ఉన్న క్లీనరు మానేశాడు. సూళ్లూరుపేట పక్క ఫ్యాక్టరీలో నెలజీతం, ఆదివారం సెలవు. ఎవడు మాత్రం వదులుకుంటాడు? కొత్తవాడు దొరకలేదు. దొరికిన ఒకరిద్దరిని ఏబెల్ అన్నే ఏదో వంక పెట్టి పంపేశాడు. అంతలో మామిడిగుజ్జు డ్రమ్ముల లోడు వచ్చింది. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దాటి, ఎడారిలో ఫలోదీ అనే ఊరి అవతల ఏదో జ్యూస్ ఫ్యాక్టరీకి. ఎండాకాలం ముందు వాళ్ళకు తొందర. ఆయన తల పట్టుకుని కూచుంటే అమల ఎదురుగా వచ్చి, క్లీనరుగా నేను వస్తాను పద అంది. ఆయన, ఈ ఒక్క ట్రిప్పుకే అన్నాడు.

బయలుదేరే పొద్దున ఆమె పెట్టె అడుగు నుంచి లైసెన్సు తీసి, నడుముకు కట్టుకునే గుడ్డసంచిలో పెట్టుకుంది. అడగదు. కానీ ఆయనే ఒకచోట, రెండు వేల కిలోమీటర్ల దారిలో ఎక్కడో ఒకచోట, నువ్వు కాసేపు తోలు అనకపోతాడా అని ఆశ. అనకపోతే ఇంటికి వచ్చాక ఆ కార్డును పొయ్యిలో పెట్టేస్తానని నాతో చెప్పి పోయింది.

క్లీనరు పాఠం మొదటి రోజే చెప్పాడాయన. లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనక ఎడమపక్క నిలబడాలి. బాడీ మీద రెండు కొడితే రా, ఒకటి కొడితే ఆపు. నోటితో ఏం చెప్పినా లెక్క లేదు, చేత్తో కొట్టాల్సిందే. మా నాయన ట్రాక్టరుకు ఇది తలకిందులు గదా అని ఆమె నవ్వింది. అయినా హుబ్లీలో, పూణే బయట పెట్రోలు బంకులో, అహ్మదాబాదు దగ్గర లారీలు నిలిపే చోట, అన్నిచోట్లా సరిగ్గానే కొట్టింది.

దారి పొడుగునా ఆమెకు తీరిక లేదు. లారీ పక్కపెట్టెలో స్టవ్వు, రాగిపిండి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, చింతపండు. ఎక్కడ ఆగితే అక్కడ సంగటి కెలికేది. మహారాష్ట్ర డ్రైవర్లు చుట్టూ చేరి ఆ ముద్దను వేలితో పొడిచి చూసేవాళ్ళట. బ్రేకు మాత్రం దేశమంతా తిరిగిన కుక్కైనా సంగటి తప్ప ఇంకోటి ముట్టదు. గుజరాత్‌లో ఎవరో రొట్టె వేస్తే వాసన చూసి తల పక్కకు తిప్పుకుందట. ఆ ఒక్క విషయంలో కుక్క మీద తనకు గౌరవం పెరిగిందని అమల చెప్పింది.

అయిదో రోజు జోధ్‌పూర్ దాటాక రోడ్డు చక్కగా, ఎదురు లేకుండా సాగింది. రెండు పక్కలా ఇసుక, అక్కడక్కడ ముళ్ళచెట్లు, వాటి కింద నిలబడి కొమ్మలు మేసే ఒంటెలు. పది నిమిషాలకొక బండి. గుద్దుకుందామన్నా ఏమీ లేదు. స్టీరింగు ఇవ్వాలంటే ఇంతకంటే మంచి చోటు దేశంలో ఉంటుందా? ఆయన ఒకసారి బండి ఆపాడు. ఆమె సీట్లో ముందుకు జరిగింది. ఆయన దిగి టైర్లు తట్టి చూసుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కి కూచున్నాడు. ఇంకో గంట తర్వాత మళ్ళీ ఆపాడు. ఈసారి కుక్క కోసం. ఆమె చెయ్యి నడుము దగ్గరి సంచి మీదికి పోయి వెనక్కి వచ్చింది. అడుగుదామా అనుకుంది. ఆ వాకిలి, ఆ పైపు, ఆ వీపు గుర్తొచ్చి పళ్ళు బిగించుకుంది.

ఫలోదీ దాటాక ఫోనులో మ్యాపు చూపించినట్టు సన్నటి తారురోడ్డులోకి తిరిగారు. ఎనిమిది కిలోమీటర్లు పోయాక రోడ్డు ఒక ఉప్పుమడి గట్టు దగ్గర ఆగిపోయింది. అవతల తెల్లటి ఉప్పు, ఇవతల వీళ్ళు. తిప్పుకోవడానికి చోటు లేదు. రెండు ఫర్లాంగులు వెనక్కి పోతే ఒక మలుపు ఉంది, అక్కడ తిప్పుకోవచ్చు. అమల దిగింది. ఆమె వెనకే బ్రేకు కూడా దూకింది.

ఆమె ఎడమపక్క నిలబడి రెండు కొట్టింది. లారీ వెనక్కి కదిలింది. నడుస్తూ, రెండేసి కొడుతూ, రెండు ఫర్లాంగులూ తీసుకొచ్చింది. మలుపు దగ్గర తారు అంచు విరిగి ఉంది, దాని పక్కనుంచి మెత్తటి ఇసుక. అక్కడ ఒక బల్లిని చూసి బ్రేకు దాని వెంటపడింది. ఆ బల్లి తారు అంచు కింద బొక్కలో దూరితే, కుక్క తల కూడా అందులోకి దూర్చింది. దాని ఒళ్ళంతా సరిగ్గా వెనక చక్రాల దారిలో ఉంది.

ఆపాలి. చెయ్యి దానంతట అదే లేచి బాడీ మీద దడదడమని రెండు కొట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట చెరకు ట్రాలీ మీద నేర్చుకున్న దెబ్బలవి. లారీ ఆగలేదు. రెండు కొడితే రమ్మనే గదా, వచ్చింది. ఆమె ఆపు మామా అని అరిచింది. మళ్ళీ అరిచింది. గొంతు చీరుకుపోయేలా మూడోసారి అరిచి, ఇక లాభం లేదని వంగి కుక్క వెనక కాళ్ళు పట్టుకుని ఈడ్చింది. కుక్క ఉన్న చోటి మీదుగా జత టైర్లు పోయాయి. అంచు దాటి ఇసుకలోకి దిగి, సగం దాకా కూరుకుపోయాక లారీ ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

ఏబెల్ అన్న దిగి వచ్చాడు. ఆయన కోపంగా, "రెండు కొడితివి గదా మే? రెండు కొడితే రమ్మని చెప్పలేదా?" అన్నాడు. ఆమెకు తన తప్పు అప్పుడు తెలిసింది. చేతుల్లో కుక్క వణుకుతోంది. తప్పు నాదే అని ఒప్పుకుంది. కానీ మూడుసార్లు అరిచానే అని అడిగింది. ఇంజను సౌండులో ఏం వినపడుతుంది అని గొణిగి ఆయన అటు తిరిగి చక్రం దగ్గర వంగాడు.

ఇంజను అప్పటికే ఆపేసి ఉంది. చుట్టూ ఎంత నిశ్శబ్దమంటే కుక్క రొప్పడం కూడా వినబడుతోంది. అమల ఆయన వీపు వైపు చూసింది. ఆరేళ్ళ కిందట వాకిట్లో చూసిన వీపే. ఎందుకో ఆమెకు అనుమానం తగిలింది. మామూలు గొంతుతోనే, "మామా, నీ కాళ్ళ కాడ పాము" అంది.

ఆయన కదల్లేదు. చక్రం చుట్టూ ఇసుకను చేత్తో తోడుతూనే ఉన్నాడు.

ఆమె చుట్టూ తిరిగి ఆయన ముందుకు వచ్చి నేల మీద కూచుంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఆయన ఆమె పెదవుల వైపు చూశాడు. అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. ఏడెనిమిదేళ్ళు అన్నాడు. మొదట ఎడమ చెవి పోయింది. కుడి చెవిలో దగ్గరి మాట, ఎదురుగా మొహం చూసి చెప్పే మాట తెలుస్తుంది, వెనక మాట తెలియదు. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూచున్న చెవులు మరి. క్లీనరుకు తెలుసు. బాడీ మీద కొట్టే దెబ్బ చెవికి కాదు, స్టీరింగులో చేతులకు తెలుస్తుంది. హారన్ల పని కుక్కది. బిస్కెట్టు పెట్టి ఆయనే నేర్పుకున్నాడు. కొత్త క్లీనర్లను ఎందుకు వద్దన్నాడో, టీవీకి అంత సౌండు ఎందుకు పెడతాడో, అన్నీ ఆమెకు ఒక్కసారిగా తెలిసొచ్చాయి.

ఆమెకు జాలి కలగలేదట, ముందు ఒళ్ళు మండిందట. కుక్క బతికింది, సరే. దాని చోట ఎవరి బిడ్డో ఉండుంటే? ఆ మాట అడిగేసింది. ఇన్నేళ్ళు దేవుడు కాపాడినాడు గనక సరిపోయింది, రేపు కూడా ఆయనకు ఇదే పనా అని గట్టిగానే అంది. ఏబెల్ అన్న చేతిలోని ఇసుకను వదిలేశాడు. "చెవులు లేనోడికి లోడు ఎవురిస్తారు మే? స్టీరింగు లేకపోతే నేను ఎవుర్ని?" అన్నాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడడం అది రెండోసారి. మొదటిసారి స్టెల్లా పుట్టినప్పుడు.

ఏడెనిమిదేళ్ళు. ఆ లెక్క అమల బుర్రలో తిరిగి తిరిగి ఒకచోట ఆగింది.

"ఆరేండ్ల కిందట వాకిట్లో లారీ కడగతా ఉంటివి. నేను వెనక నిలబడి ఒక మాట అడిగినా. నీకు తెలుసునా?"

"ఏం అడిగినావు?"

ఆమె నవ్విందట. నవ్వుతూనే ఏడ్చిందట. ఆరేళ్ళ పాటు మొగుడు తన మాటను మొహానే కొట్టాడనుకుని రాత్రిళ్ళు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట ఆయన దాకా చేరనే లేదు. ఆయనేమో, బస్సు ఉద్యోగం రాలేదు పాపం, లారీ మాట ఎత్తితే బాధపడుతుంది, దాని ఇష్టమే చచ్చిపోయినట్టుంది అని ఆ ఊసే తీయకుండా ఇన్నేళ్ళు జాగ్రత్తపడ్డాడు. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉండి, ఒకరికొకరు అంత దూరం పోవచ్చని నాకు ఆ కథ వినేదాకా తెలియదు.

చచ్చినా రెండోసారి అడగనన్న మనిషి మోకాళ్ళ మీద జరిగి ఆయనకు ఎదురుగా, ఒక మూర దూరంలో కూచుంది. నడుము సంచిలోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మన లారీ నేను తోలేదా మామా?" అని అడిగింది.

ఆయన ఆ కార్డును ఇటూ అటూ తిప్పి చూశాడు. రెన్యువల్ తేదీ చూశాడు. పోయినేడు గుడ్డలు కొనకుండా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమై ఉంటుంది. కార్డు తిరిగి ఇచ్చి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ముందు దీన్ని బయటికి తియ్యి. తీసినాక ఇంటి దాకా నువ్వే తోలు" అన్నాడు.

అంతలో ఉప్పుమడుల వైపు నుంచి పెద్ద ఎర్ర తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు ట్రాక్టరు మీద వచ్చాడు. దిగి చూసి ఏదో అడిగాడు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అమలకు వినబడుతుంది, హిందీ రాదు. ఏబెల్ అన్నకు హిందీ వచ్చు, ముసలాయన మాట వినబడదు. ఆ ముసలాయన మీసాలేమో పెదవులను పూర్తిగా కప్పేశాయి. దాంతో ముసలాయన అన్న ప్రతి ముక్కనూ అమల చిలకలాగా ఏబెల్ అన్న మొహంలోకి అప్పజెప్పేది, ఆయన దానికి హిందీలో జవాబిచ్చేవాడు. ముసలాయన ఈ మొగుడూపెళ్ళాల వైపు, మధ్యలో కుక్క వైపు మార్చి మార్చి చూసి, మళ్ళీ అడిగేవాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోలేదు. పని జరిగింది.

వెనక టైర్లలో గాలి కొంచెం తీశారు. ఇసుక తోడి, గోనెసంచులు, ముళ్ళకొమ్మలు చక్రాల ముందు పరిచారు. లారీ ముందరి కొక్కేనికి ఇనపతాడు కట్టి ట్రాక్టరుకు తగిలించారు. ట్రాక్టరు లాగేటప్పుడు లారీ కూడా సరిగ్గా అప్పుడే కదలాలి. ముందు లాగినా తాడు తెగుతుంది, వెనకబడినా తెగుతుంది. ముసలాయన కేకలు వినబడేవాళ్ళే స్టీరింగు దగ్గర ఉండాలి. ఏబెల్ అన్న అమలకు రెండు హిందీ ముక్కలు నేర్పాడు. ధీరే అంటే మెల్లగా, రోకో అంటే ఆపు. అంతే చాలు, మిగతాది బండే చెబుతుంది అన్నాడు.

ఆమె ఎక్కి కూచుంది. కాళ్ళు అందడానికి వీపు వెనక రాగిపిండి మూటను పెట్టుకుంది. ఆయన కింద, డోరు పక్కన, చెయ్యి బాడీ మీద ఆనించి నిలబడ్డాడు. ఆయన ముప్పై ఏళ్ళలో ఎవరికోసమూ అక్కడ నిలబడలేదు.

మొదటిసారి తాడు బిగుసుకోగానే చక్రం గిర్రున తిరిగి ఇసుక చిమ్మింది. రోకో అని వినబడింది, ఆపేసింది. ఏబెల్ అన్న ఏదో చెప్పబోతే ఆమె చేత్తో వద్దంది. కళ్ళు మూసుకుని చెరకు మడిని తలుచుకుంది. రెండో గేరు వేసింది. క్లచ్చిని వెంట్రుకవాసి మందాన వదిలింది. ధీరే ధీరే అని ముసలాయన అంటున్నాడు. ఆమె యాక్సిలేటరు జోలికి పోలేదు. బండి ఒకసారి మూలిగింది, కొమ్మలు పటపటమని విరిగాయి, పదహారు టన్నుల మామిడిగుజ్జు కదిలి గోనెసంచుల మీదికి ఎక్కింది. కింద నుంచి ఏబెల్ అన్న బాడీ మీద రెండేసి దెబ్బలు కొడుతూ పక్కనే నడుస్తున్నాడు. వెనక చక్రాలు తారు మీదికి ఎక్కగానే ఒకటి కొట్టాడు. ఆమె ఆపింది.

ముసలాయన తలపాగా సర్దుకుంటూ ఏదో అన్నాడు. అమల దాన్ని అక్షరం పొల్లు పోకుండా ఏబెల్ అన్నకు అప్పజెప్పింది. ఆయన ఎంతసేపటికీ అర్థం చెప్పలేదు. గట్టిగా అడిగితే, 'డ్రైవరు మంచోడు' అన్నాడని చెప్పాడు. మగోణ్ణా, ఆడమనిషినా అని ఆమె అడిగింది. డ్రైవరు అన్నాడు, అంతే అన్నాడాయన.

ఏబెల్ అన్న లారీ ముందుగా నడిచి అవతలి పక్కకు పోయి, క్లీనరు డోరు తీసి ఎక్కాడు. బ్రేకు తన చోట కూచుని కుడికీ ఎడమకూ చూసింది. సీట్లు మారడం దానికి నచ్చలేదు. దారి అడుక్కుని ఫ్యాక్టరీకి పోతుంటే వెనక ఏదో జీపు హారన్ కొట్టింది. కుక్క అలవాటుగా డ్రైవరు మోచేతిని పొడిచింది. నాకు ఇనపడతాదిలే నాయనా అంటూనే ఆమె బండిని ఎడమకు తీసింది. బిస్కెట్టు మాత్రం ఏబెల్ అన్న పెట్టాడు.

ఫ్యాక్టరీలో డ్రమ్ములు దింపి, ఉప్పు లోడు ఎత్తుకుని, రెండు వేల కిలోమీటర్లు ఆమే తోలింది. ఏడు రోజులు పట్టింది. ఆయన తోలితే అయిదే అని ఊళ్ళో ఎవరో అంటే, నేను అక్కడే ఉన్నాను గనక నాలుగు మాటలు అంటించాను. మొగిలి ఘాటు దిగి ఐరాలలోకి వచ్చేసరికి బజారంతా నిలబడి చూసింది. స్టీరింగు వెనక తల మాత్రమే కనబడుతున్న అమలనూ, పక్కసీట్లో కాలు మీద కాలేసుకుని కూచున్న ఏబెల్ అన్ననూ, మధ్యలో కుక్కనూ.

ఆయన తిరుపతికి పోతే స్టెల్లా దగ్గరుండి చెవులు పరీక్ష చేయించింది. కుడి చెవికి మిషను పెట్టుకున్నాడు. ఆదివారం చర్చిలో పాస్టరు ప్రసంగం మరీ పొడుగైతే దాన్ని తీసి జేబులో వేసుకుంటాడని అమల ఫిర్యాదు. తన లైసెన్సును ఆయనే తీసి లోపల పెట్టేశాడు. స్టీరింగు లేకుండా పక్కసీట్లో కూచోవడం బాధగా లేదా అన్నా అని ఒకసారి అడిగాను. బాధగానే ఉండింది, మొదటి రెండు ట్రిప్పులూ ఎడమకాలు క్లచ్చి కోసం వెతుక్కునేది అన్నాడు. దాచకుండా చెప్పినందుకు నాకు ఆయన మీద మర్యాద పెరిగింది. తర్వాత, ముప్పై ఏళ్ళు రోడ్డు ఒక్కటే చూశాను, ఇప్పుడు పక్కన ఏముందో కూడా చూస్తున్నాను అన్నాడు.

అంగన్‌వాడీ నుంచి వస్తూ మొన్న సాయంత్రం వాళ్ళ ఇంటి ముందు నిలబడ్డాను. ఏబెల్ అన్న వాకిట్లో లారీ కడుగుతున్నాడు. వీపు ఇటువైపు, చేతిలో పైపు. తడుస్తుందని చెవి మిషను తీసి గడప మీద పెట్టాడు. రెండో చెయ్యి లారీ బాడీ మీద ఆనించి ఉంది. అమల ఇంట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పిలవలేదు. లారీ బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

ఆయన వెంటనే తల తిప్పి, ఏం మే, అన్నాడు.